దోమంత పాఠం

జృంభారణ్యంలో పొద్దు పొడవడం కూడా బద్ధకంగానే జరిగేది. ఆకాశానికి పందిరి గుంజల్లా నిలిచిన మద్దిచెట్లు, వాటి భుజాల మీదినుంచి జారిన పైటల్లా తీగలు, తీగల కింద పచ్చని చీకటి. ఆ చీకటిలో నెమళ్ళు పింఛం సగం విప్పి, మిగతా సగం సాయంత్రానికి దాచుకునేవి. చిరుతపులి జింకను కొంతదూరం తరిమి, నడుమ ఆవులించి, కూర్చునేది. జింక కూడా కూర్చునేది. సెలయేరు బండ మీదినుంచి దూకే ముందు ఒక్క క్షణం ఆలోచించేది. ఇదంతా అడవికి ఆవల, కొండ కొమ్మున కోట కట్టుకున్న జృంభకుడనే మాంత్రికుడి మహిమ. వాడు నోరు తెరిచి ఆవులిస్తే ఎదుటివాడి మెలకువ వాడి నోట్లోకి వెళ్ళిపోతుంది.

అటువంటి అడవిలో తామ్రగిరి యువరాజు మందారకేతుడు మాత్రం అంతఃపురంలో ఉన్నట్టే హాయిగా ఉన్నాడు. బండ మీద కాలు మీద కాలేసుకుని, తాటాకు మీద గంటంతో తన చదువుకు కాలపట్టిక రాస్తున్నాడు.

"దొరా, ఆ ఆకుతో ఇంకా ఎంతసేపు?" అని అడిగింది మైలమ. ఆమె రాణివాసపు కాపలాదళానికి నాయకురాలు. ఆమె కత్తి దూస్తే ఏదో ఒకటి తెగి తీరాల్సిందే, అందుకని తామ్రగిరి కోటలో కూరగాయలు ఆమె దగ్గర ఉంచేవారు కారు.

"పట్టిక కుదరకపోతే చదువు కుదరదు మైలమా. అంచులకు లతలు గీస్తున్నాను."

"నిన్న గీశారుగా లతలు?"

"అవి నిన్నటి పట్టికకు."

మైలమ ఆకు అందుకుని చదివింది. 'బ్రాహ్మీ ముహూర్తమున లేచుట. దండకము ఆమూలాగ్రము కంఠస్థము చేయుట. పిమ్మట అల్పాహారము.' అంతే ఉంది. లతలు మాత్రం నిజంగానే బాగున్నాయి.

గుర్రం జీనుకు వేలాడుతున్న ఇత్తడి చెంబులోంచి పెద్ద కప్ప ఒకటి తల బయట పెట్టింది. ఆయన రాజగురువు శ్రుతబోధులవారు. మొన్నమొన్నటిదాకా నిండు విగ్రహం, చెవులకు కుండలాలు, శాలువా. ఉద్యానవనంలోకి చొరబడిన జృంభకుడు మందారకేతుడి అక్క కువలయను ఎత్తుకుపోతుంటే, ఈయన అడ్డంగా నిలబడి శాపజలం కోసం కమండలం వంచారు. అది ఖాళీగా ఉంది. శిష్యుడు ముందురోజే నింపవలసింది. ఆ ఒక్క క్షణంలో మాంత్రికుడు ఈయన్ని కప్పను చేసి వెళ్ళిపోయాడు. శాలువా మాత్రం అలాగే మిగిలింది.

ఈ నెల పున్నమి చంద్రుడు కోట శిఖరం మీదికి రాగానే జృంభకుడు కువలయ మెలకువనంతా తాగేస్తాడు. ఆ తరువాత ఆమెను లేపగలిగేవాడు ముల్లోకాల్లో లేడు. కోటకు ఏడు వాకిళ్ళు. ఒక్కొక్కటీ కవాట దండకంలో ఒక్కో భాగం తప్పు లేకుండా చదివితేనే తెరుచుకుంటుంది. చదివేది చెరలో ఉన్నవారి రక్తసంబంధీకుడే కావాలి. రాజవంశాల్లో పిల్లల చదువులు ఎలా ఉంటాయో బాగా తెలిసే వాడీ కట్టడి పెట్టాడు. దండకం మొత్తం వచ్చినవారు గురువుగారొక్కరే. ఆయన చదివితే, వాకిళ్ళు కప్ప గొంతు విని వాన వస్తుందనుకుని ఇంకా బిగుసుకుంటాయి.

"నాయనా, లతలు చాలు. మొదలుపెడదాం!" అంటూ గురువుగారు ఉత్సాహంగా చెంబులోంచి దూకారు. దూకడం కొత్త గనుక అంచనా తప్పి, శిష్యుడి ఒడి మీదుగా అవతలికి వెళ్ళి పడ్డారు.

మందారకేతుడు గంటం కింద పెట్టి చేతులు జోడించాడు. "అపచారం గురువుగారూ. గురుశిష్యుల నడుమ కప్ప వెళ్ళింది. ఇవాళ్టికి అనధ్యయనం."

"ఆ కప్పను నేనేరా!"

"ఎవరైతేనేమండీ. కప్ప వెళితే చదువు ఆపమంది శాస్త్రం. దాని పేరూ గోత్రం అడగమనలేదు."

పన్నెండేళ్ళ విద్యాభ్యాసంలో యువరాజు అక్షరం పొల్లుపోకుండా నేర్చిన సూత్రం అదొక్కటే. నేర్పింది కూడా శ్రుతబోధులవారే. ఆయన న్యాయం కోసం మైలమ వైపు చూశారు. మైలమ చెట్ల వైపు చూసింది.

అప్పుడే చెట్ల మీద చీకటి పడింది. మబ్బు కాదు. రెండు తలల గండభేరుండం! కొండచిలువల్లాంటి మెడలు, చేటల్లాంటి గోళ్ళు, రెక్క కదిపితే మద్దిచెట్లు సాష్టాంగపడుతున్నాయి. మైలమ విల్లు అందుకునేలోగా అది దిగింది, యువరాజును నడికట్టు పట్టి లేవనెత్తింది, లేచిపోయింది. గురువుగారు భయంతో ఎగిరి శిష్యుడి తలపాగా మడతల్లో చిక్కుకున్నారు. కింద గుర్రాలు చీమలయ్యాయి. చీమల వెనక దుమ్ము లేపుకుంటూ మైలమ.

"గురువుగారూ! చచ్చిపోతున్నాం!"

"కిందికి చూడకు. కళ్ళు మూసుకో."

"మూసుకుని?"

"మూసుకుని చేసేదేముంది! శ్రీమత్కవాటాధిదేవీ, అను."

"ఇప్పుడా?"

"ఇంకేదైనా పనుందా నీకు?"

లేదు. ఆలోచిస్తే, పుట్టాక ఇంత తీరిక అతనికి ఎప్పుడూ దొరకలేదు. పక్కన తాంబూలం లేదు, పావురాలు లేవు, పదును చేసుకోవలసిన గంటం లేదు. "శ్రీమత్కవాటాధిదేవీ!" అని అరిచాడు.

"మహాలోహకీలావృతాంగీ."

"మహాలోహకీలావృతాంగీ!"

"ఘనద్వారమాతా."

రెండు కొండలు దాటేసరికి ఆ ముక్క వచ్చేసింది. మూడో కొండ మీద గూడు. గూట్లో ఏనుగు పిల్లలంత పక్షి పిల్లలు, ఒక్కొక్కదానికి రెండేసి నోళ్ళు. అన్నీ తెరుచుకున్నాయి. యువరాజు తనకు తెలిసిన ఏకైక స్తోత్రం అందుకున్నాడు. భోజనం ఇలా మాట్లాడడం ఎన్నడూ ఎరగని పిల్లలు తల్లి వైపు చూశాయి. తల్లి ఒక తల మరో తలను సంప్రదించింది. ఈ సంప్రదింపుల మధ్య మైలమ బాణం వచ్చి ఎడమ తల జుట్టు కత్తిరించింది. పక్షి లేచింది, మైలమ విసిరిన తాడు పడింది, యువరాజు జారాడు, అరచేతుల తోలు ఊడింది, కిందికి వచ్చి పడ్డాడు.

"దెబ్బలేమైనా తగిలాయా దొరా?" అంది మైలమ.

"ఘనద్వారమాతా," అన్నాడు యువరాజు. అతని నోట ఇంకే మాటా రాలేదు.

సాయంత్రం వాగు ఒడ్డున విడిది చేశారు. గురువుగారు తామరాకు మీద కూర్చుని దోమల్ని పడుతున్నారు. ఒకటి పట్టారు. మింగారు. ఆగారు. ఇంకొకటి పట్టారు. చాలాసేపు అలా గడిచాక శిష్యుణ్ణి పిలిచారు.

"నాయనా, మనిషిగా ఉండగా నాకు విస్తరి నిండా వడ్డించేవారు. కప్పకు విస్తరి ఎవరు వేస్తారు? ఒక దోమ వస్తుంది. దాన్ని తింటాను. తరువాతి దోమ సంగతి అది వచ్చాక చూస్తాను. చూడబోతే పొద్దుగూకేసరికి పొట్ట నిండుతోంది."

"రుచి ఎలా ఉంటుందండీ?"

"అది అడగకు. ఇవాళ పక్షి కాళ్ళకు వేలాడుతూ నువ్వు నేర్చింది ఒక దోమంత. పన్నెండేళ్ళుగా నీ ముందు విస్తరి పరిచాను, నువ్వు ముద్ద ముట్టలేదు. ఇకనుంచి పాఠం దోమంతే. పొద్దున గుర్రాలకు నీళ్ళు పెట్టగానే ఒకటి. మాపటికి అన్నం వార్చగానే ఒకటి. కాళ్ళమీద పడ్డా మూడోది చెప్పను."

"అంత చిన్నదానికి పట్టిక ఎందుకు మరి?"

"అక్కర్లేదు."

యువరాజు లతల గురించి కాసేపు విచారించాడు. తరువాత ఉదారంగా, "సరే గురువుగారూ, రేపటినుంచి..." అన్నాడు.

"దొరా, అన్నం వార్చేశాను," అంది మైలమ.

గంజి ఇంకా పొగలు కక్కుతోంది. తప్పించుకునే దారి లేదు. యువరాజు కూర్చుని ఒక దోమంత నేర్చుకుని అన్నం తిన్నాడు.

మర్నాడు గుర్రాలు వాగులో మూతులు పెట్టాయి. యువరాజు పాఠానికి కూర్చున్నాడు. గుర్రాలకు అనధ్యయనం లేదు. వాటికి మనసు బాగుండకపోవడం, ముహూర్తం కుదరకపోవడం, కొత్త గంటం కావలసి రావడం కూడా లేవు. దాహం వేస్తుంది, తాగుతాయి. అష్టమి రానే వచ్చింది. "ఇవాళ చదవకూడదండీ," అన్నాడు యువరాజు ఆశగా.

"అష్టమి అని దోమలు ఎగరడం మానాయా?" అన్నారు గురువుగారు నాలుక చాపి. ఆయన శాస్త్రం కూడా కొంత మారింది. ఇప్పుడు చదువు చెప్పేటప్పుడు శిష్యుడి అరచేతిలోనే కూర్చుంటున్నారు. నడుమ ఎవరూ దూరడానికి సందు లేదు.

ఒకనాడు గుర్రాలు నీళ్ళు తాగుతుండగా మడుగులోంచి తాటిమానంత మొసలి లేచింది. మైలమ దాని దవడల మధ్య బల్లెం నిలువుగా దిగేసి, మెడ మీదికెక్కి, "దొరా, కొంచెం అవతలికి జరిగి చదవండి, తోక తగులుతుంది," అంది. యువరాజు జరిగి చదివాడు. ఇంకోనాడు నేల ఊబిగా మారింది. నడుం దాకా దిగబడి, మైలమ తీగ విసిరేవరకూ, పొద్దుటి ముక్క నెమరువేశాడు. మరొకనాడు జ్వరం వచ్చింది. ఆనాడు చదువు లేదు. తగ్గగానే లేచి కూర్చుని, "నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి నాలుగు చెప్పండి," అన్నాడు.

"నిన్నటి అన్నం ఇవాళ తింటావా?"

"చద్దన్నమా? పెరుగు, ఉల్లిపాయ ఉంటే భేషుగ్గా తింటాను."

గురువుగారు ఉపమానం చెడినందుకు చిన్నబుచ్చుకున్నారు. "నిన్న పోయిన దోమ పోయింది. ఇవాళ్టి దోమను తిను," అని మాత్రం అన్నారు.

అయితే శిష్యుడికి నిజంగానే ఆకలి పుట్టింది. బతిమాలాడు, పొగిడాడు, శ్రుతబోధులవారంతటి కప్ప జంబూద్వీపంలో లేదన్నాడు. ఆ మాటకు కరిగి ఆయన ఒక్క పూట పది ముక్కలు చెప్పేశారు. యువరాజు ఉప్పొంగిపోయాడు, మీసం దువ్వాడు, మైలమకు అప్పజెప్పి మెప్పు పొందాడు. తెల్లారి లేచేసరికి పదీ ఒకదాని మీద ఒకటి పడి పులుసైపోయాయి. గొళ్ళేలున్న చోట కీలాలు, కీలాలున్న చోట ఏమీ లేవు. వాటిని విడదీసుకోవడానికి మూడు పూటలు పట్టింది. ఆ తరువాత ఎక్కువ అడగలేదు. తక్కువా అడగలేదు. అన్నం వార్చడం ఆలస్యమైతే తనే పొయ్యి దగ్గరికి వచ్చి, "ఇంకా ఉడకలేదా?" అని అడగడం మొదలుపెట్టాడు. తిండి కోసమని మైలమ అనుకునేది.

చంద్రుడు నిండుతున్నాడు. దండకం కూడా నిండుతోంది, కానీ చంద్రుడు ముందున్నాడు. మొదట్లో లతలకు పోయిన రోజులు ఏడో భాగమై మిగిలాయి. పున్నమి నాటి సాయంత్రానికి వాళ్ళు కోట కిందికి చేరేసరికి యువరాజుకు వచ్చింది ఆరు భాగాలే.

కోట మాత్రం కళ్ళు చెదిరేలా ఉంది. నీలిరాళ్ళ గోడలు, దిండ్లలా ఉబ్బిన బురుజులు, రెప్పలు వాలినట్టు సగం మూసిన వెండి గవాక్షాలు. అగడ్తలో నీళ్ళు కూడా గురకపెడుతున్నాయి. వంతెన మీద ఇనపగదతో ఒక రాక్షసుడు. ఆ కోటలో ఏ వేళైనా గిరాకీ ఉండే సరుకు ఏమిటో మైలమ ముందే ఆలోచించింది. ఇద్దరూ చాపలమ్మేవాళ్ళ వేషం వేశారు. యువరాజు నెత్తిన చాపల మోపు, మోపులో గురువుగారు.

"ఎవుర్రా?" అన్నాడు రాక్షసుడు.

"చాపలయ్యా చాపలు! మెత్తని తుంగచాపలు!" అంది మైలమ.

"గుచ్చుకోవుగా?"

"పట్టుపరుపు దండగ అంటారు నాయనా. నమ్మకపోతే నడుం వాల్చి చూడు."

రాక్షసుడు బాధ్యత తెలిసినవాడు. సరుకు పరీక్షించకుండా లోపలికి పంపడం తప్పని, చాప పరిచి, ఇటు తిరిగి పడుకుని చూశాడు. అటు తిరిగి కూడా చూశాడు. మళ్ళీ తిరగలేదు.

మొదటి వాకిలి. ఇనప తలుపు, దాని మీద సింహపు ముఖం. యువరాజు గొంతు సవరించుకున్నాడు. "శ్రీమత్కవాటాధిదేవీ! మహాలోహకీలావృతాంగీ! ఘనద్వారమాతా!" అంటూ ఎక్కడా ఆగకుండా మొదటి భాగం ముగించాడు. తలుపు గరగరమని తెరుచుకుంది. ముగ్గురూ కొంతసేపు దానివైపే చూస్తూ ఉండిపోయారు. ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు యువరాజే.

రెండో వాకిలి. అతనికి ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు వేగం వచ్చింది. "నీ గొళ్ళెముల్ దీసి నీ గుమ్మడుల్ దాటి నే వచ్చుచున్నాను..."

"గుమ్మముల్ రా!" అని గురువుగారు మోపులోంచి గొంతు నొక్కుకుని అన్నారు.

అప్పటికే ఆలస్యమైంది. తలుపుది కూడా శాస్త్రం తెలిసిన వ్యవహారమే, అడిగింది ఇస్తుంది. పైన దిష్టికి కట్టిన బూడిదగుమ్మడి తాడు తెంచుకుని, కింద నిద్రపోతున్న కాపలావాడి నెత్తిన పడింది. వాడు నిద్రలోంచి ఇంకా లోతైన నిద్రలోకి వెళ్ళాడు. యువరాజు గింజలు తుడుచుకుని, మొదటినుంచి, తాపీగా, "...నీ గుమ్మముల్ దాటి నే వచ్చుచున్నాను మన్నించుమమ్మా!" అన్నాడు. తలుపు మన్నించింది.

మూడో వాకిలి దాటగానే గాలిలో ఆవులింతలు మొదలయ్యాయి. అవి లోపలినుంచి అలలుగా వస్తున్నాయి. నాలుగోది దాటేసరికి మైలమ కళ్ళు ఎర్రబడ్డాయి. అయిదోది తెరిచి యువరాజు మోపు దించగానే ఆమె కత్తి గోడకు ఆనించింది.

"దొరా, మీరు నడవండి. నేనొక్క కునుకు..."

"మైలమా! వద్దు!"

"పక్షి దగ్గర పడుకోలేదు, మొసలి దగ్గర పడుకోలేదు. ఒక్క..." మాట పూర్తి కాలేదు. అడవిని గడగడలాడించిన ఆ మనిషి తుంగచాప మోపు మీద తల పెట్టుకుని చంటిపిల్లలా నిద్రపోయింది. యువరాజు గురువుగారిని అరచేతిలోకి తీసుకుని ముందుకు పరుగెత్తాడు. అతనికి ఆవులింత రాలేదు. రావడానికి నోరు ఖాళీగా లేదు, ఆరో భాగం చదువుతోంది.

ఆరో తలుపు తెరుచుకుంది. పొడవైన నడవా, రెండు పక్కలా వెండి దీపాలు, చివర ఏడో వాకిలి. దాని మీద నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటిగా ఇనప గడియలు, లెక్కపెట్టే ధైర్యం లేనన్ని.

"ఎవరది?" అని తలుపు వెనకనుంచి ఒక గొంతు. బరువుగా, నిద్రమత్తుగా ఉంది.

"నేనే అక్కా!"

"మందారమా? ఆరు వాకిళ్ళు తెరుచుకున్న చప్పుడు వింటే ఎవరో చదువుకున్నవాడు వచ్చాడనుకున్నానురా."

"నేనే చదివానక్కా."

"అయితే ఇదీ తెరువు. చంద్రుడు కిటికీ అంచుకు వచ్చేశాడు."

"ఇది ఇంకా రాలేదక్కా."

"అదీ! ఇప్పుడు కుదిరింది నమ్మకం, నువ్వే," అంది కువలయ. ఆ వెంటనే పెద్దగా ఆవులించింది. "నాకు నిద్రొస్తోందిరా. ఎంత ఆపుకున్నా ఆగడంలేదు."

నడవా మొదట్లో ఒక దీపం ఆరిపోయింది. ఎవరో నింపాదిగా నడిచి వస్తున్నారు. అడుగడుగుకూ ఒక దీపం ఆరుతోంది.

గురువుగారు అరచేతిలో గంతులు వేశారు. "జృంభకుడు! వచ్చేస్తున్నాడు! విను నాయనా, మొత్తం ఏడో భాగం ఒక్క గుక్కలో చెప్పేస్తా, ఎలాగోలా పట్టుకో!"

"వద్దు గురువుగారూ. ఒక్క ముక్క చెప్పండి."

"సమయం లేదురా మొద్దూ!"

"అందుకే."

యువరాజు తలుపు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గురువుగారు ఒక్క క్షణం శిష్యుడి ముఖం చూశారు. గంతులు ఆపారు. గొంతు తగ్గించారు. "నిద్రాణలోకంబునన్," అన్నారు.

"నిద్రాణలోకంబునన్."

తలుపు మీద అన్నిటికంటే పై గడియ ఒక్కటి పక్కకు జారింది.

"ఒరేయ్, అదేదో గట్టిగా అను," అంది లోపలినుంచి అక్క. "నేనూ అంటాను. నోరు ఆడుతుంటే కళ్ళు నిలుస్తాయేమో."

"నిద్రాణలోకంబునన్!"

"నిద్రాణలోకంబునన్," అంది కువలయ.

చివరి దీపం ఆరింది. వెన్నెల ఒక్కటే మిగిలింది. యువరాజు మెడ మీద చల్లని ఊపిరి తగిలింది. వెనకనుంచి మూడో గొంతు, తొందరేమీ లేకుండా, ఆ ముక్కనే తిరగేసి చదివింది: "నన్‌బుకంలోణద్రాని."

జారిన గడియ టక్కున మళ్ళీ పడింది.

యువరాజు చెయ్యి కత్తిపిడి దాకా వెళ్ళింది. అక్కడే ఆగి, వెనక్కి వచ్చి, గురువుగారి వీపు మీద ఆనింది. ఆయన వణుకుతున్నారు. "నిద్రాణలోకంబునన్," అన్నాడు యువరాజు, పొద్దుటి గుర్రాల దగ్గర అన్నట్టే. గడియ జారింది. లోపల అక్క అంది. ఈసారి ఆమె గొంతు మరీ పలుచగా ఉంది.

"తరువాతి ముక్క చెప్పండి గురువుగారూ," అన్నాడు, తల తిప్పకుండా.

"మే... మేలుకొల్పంగ," అన్నారు గురువుగారు.

వెనక జృంభకుడు ఊపిరి నిండా పీల్చుకున్నాడు. నడవాలోని గాలంతా అటు లాగింది, తలుపులు మూలిగాయి, వెన్నెల కూడా వంగింది. వాడు నోరు తెరిచాడు.

మందారకేతుడు కూడా తెరిచాడు.